చేసినవాడు, చేయించినవాడు: యూదుల ధర్మశాస్త్రములో పరోక్షదోష విచారణ

అమ్మోనీయుల పట్టణమగు రబ్బాను ముట్టడించియున్న తన సేనాపతి యోవాబునకు దావీదు మహారాజు యెరూషలేమునుండి ఒక లేఖ వ్రాసి పంపెను. పోరు ఉధృతముగా సాగుచున్న తావున ఊరియా అను యోధుని ముందు నిలిపి, వెనుకనున్నవారు మెల్లగా తొలగి, అతడు శత్రువుల చేతిలో హతుడగునట్లు చూడవలెనని ఆ లేఖలోని ఆజ్ఞ. ఊరియా చేసిన అపరాధమేమియు లేదు. అతడు దండులో నుండగా అతని భార్యయగు బత్షెబను రాజు పరిగ్రహించెను, పిమ్మట ఆ దోషమును కప్పిపుచ్చుకొనజాలక భర్తనే తొలగింపదలచెను. ఆ లేఖను దండుకు మోసికొనిపోయినవాడును ఊరియాయే. కోటగోడమీదినుండి శత్రువులు బాణములు వేసిరి; ఊరియా కూలెను. బాణము వేసినవాడు అమ్మోనీయుడు, వ్యూహము పన్నినవాడు యోవాబు, లేఖ వ్రాసినవాడు దావీదు. ఆ దినమున రాజు తన కత్తిని ఒరనుండి తీయనైనను లేదు. ఐనను నాతాను ప్రవక్త రాజు నెదుటికి వచ్చి, ఊరియాను చంపినవాడు రాజేయని మొగముమీదనే చెప్పెనని సమూయేలు రెండవ గ్రంథము తెలుపుచున్నది.

తెలుగు బైబిలు చదువరులకు చిరపరిచితమైన ఈ కథ యూదుల ధర్మశాస్త్రవేత్తలకు కథగా మాత్రము మిగులలేదు. ఇంచుమించు రెండువేల యేండ్లుగా వారి విద్యాపీఠములలో ఇది ఒక వ్యాజ్యముగా విచారణకు వచ్చుచునే యున్నది. ఒకడు చెప్పగా మఱియొకడు చేసిన కీడునకు బాధ్యుడెవడు? చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, మెచ్చుకొన్నవాడు అను నలుగురును పుణ్యపాపములలో సమానభాగులని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటలోని గాంభీర్యము గొప్పదే గాని, లోకవ్యవహారములో అది తఱచుగా తిలాపాపము తలా పిడికెడుగా పరిణమించును. పదిమంది పంచుకొన్న పాపము ఏ యొక్కని తలకును బరువుగా తోపదు. యూదుల శాస్త్రకారులు మాత్రము పాపమును పంచుటకు మొదటినుండియు అంగీకరింపలేదు. చేసినవాని దోషమును పూర్తిగా చేసినవానిపైననే మోపి, ఆ పిమ్మట చేయించినవానిని వేఱొక త్రోవన వెదకికొని పోయిరి. ఆ త్రోవ యెట్టిదో చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఆ శాస్త్రస్వరూపమును గుఱించి రెండు మాటలు. మోషే పేర వెలసిన అయిదు గ్రంథములకు యూదులు తోరా యని పేరిడిరి. దానిని ఆధారముగా గొని పరంపరగా వచ్చిన మౌఖికధర్మమును గలిలయ ప్రాంతమున రబ్బీ యెహూదా సుమారు క్రీ. శ. 200 నాటికి మిష్నా యను గ్రంథముగా కూర్చెను. ఆ మిష్నాపై బాబిలోను దేశపు పండితులు తరతరములుగా జరిపిన చర్చల సంపుటమే బాబిలోనీయ తల్ముదు. అది ఒకరి శాసనము గాదు, పలువురి వాదము. ఓడిన పక్షమును కూడ తుడిచివేయక పేరుతో సహా భద్రపఱచుట దాని సంప్రదాయము. కావున అందులో ఒక ప్రశ్నకు సమాధానమును వెదకువాడు తీర్పుతోబాటు, ఆ తీర్పుతో సమాధానపడని మనస్సులను కూడ అక్కడనే చూడగలడు.

లౌకికవ్యవహారములలో ఈ శాస్త్రము ప్రాతినిధ్యమును ఉదారముగా అంగీకరించినది. ఒకడు పంపిన ప్రతినిధి ఆ పంపినవానితో సమానుడని దాని మూలసూత్రము. వరుడు తాను పోకుండనే ప్రతినిధి ద్వారా కన్యను వరింపవచ్చును, విడాకుల పత్రము పంపవచ్చును, క్రయవిక్రయములు సరేసరి. ఐతే ఈ సూత్రము పాపము గడపవద్దకు వచ్చుసరికి నిలిచిపోవుచున్నది. పాపకార్యమునకు ప్రాతినిధ్యము లేదని తల్ముదు సిద్ధాంతము. పోయి దొంగిలించుమని ఒకడు చెప్పగా మఱియొకడు పోయి దొంగిలించినచో, దొంగ ఆ రెండవవాడే. చెప్పినవానిని న్యాయస్థానము పట్టుకొనదు. దీనికి కిద్దుషీను ప్రకరణములో చెప్పిన హేతువు చిన్నది, పదునైనది: గురువొకటి చెప్పి, శిష్యుడు దానికి విరుద్ధముగా వేఱొకటి చెప్పినప్పుడు వినదగినది ఎవరి మాట? ఇక్కడ గురువు భగవంతుడు, శిష్యుడు పంపిన మనుష్యుడు. దొంగిలింపరాదను ఆజ్ఞ పంపబడినవానికిని తెలిసినదే. దానిని త్రోసివేసి ఈ మానవుని మాట వినుట అతడు స్వయముగా ఎంచుకొన్న పని.

పైపైన చూచువారికి ఈ సూత్రము చేయించినవారికి వరముగా తోచును. ధనవంతుడు కూలికి మనుష్యులను పెట్టి కీడు చేయించి, తాను చేతులు దులుపుకొని పోవచ్చును గదాయని ఆక్షేపణ. కాని ఆ సూత్రము చూచుచున్నది పంపినవానివైపు గాదు, పంపబడినవానివైపు. యజమాని చెప్పెను గావున చేసితిని, పై యధికారి ఆజ్ఞ గావున పాటించితిని యను సాకు నోట రాకముందే దానిని అది త్రుంచివేయుచున్నది. సౌలు రాజు నోబు పట్టణపు యాజకులను చంపుడని తన కావలిభటులకు ఆజ్ఞాపించినప్పుడు వారు చేయి యెత్తలేదు. ఎనుబదియైదుగురు యాజకులను హతమార్చిన ఎదోమీయుడగు దోయేగును, చేయి యెత్తని ఆ భటులును వినినది ఒకే రాజాజ్ఞ. విన్నవాడు యంత్రము గాడు, వివేకి యని ఈ శాస్త్రము నమ్మినది.

వివేకము లేనివానిని పంపినచో? మిష్నాలో నష్టపరిహారములను గుఱించిన బావా కమ్మా ప్రకరణము, ఆరవ అధ్యాయములో ఈ ప్రశ్నను నిప్పుతో పరీక్షించినది. ఒకడు చెవిటిమూగవాని చేతికో, పిచ్చివాని చేతికో, పసివాని చేతికో నిప్పునిచ్చి పంపగా అది పొరుగువాని పంటను కాల్చినది. ఆ కాలపు శాస్త్రము ఈ మువ్వురిని దండార్హులుగా ఎంచదు. అట్లని పంపినవాడును మనుష్యుల న్యాయస్థానములో బాధ్యుడు గాడు, దైవన్యాయస్థానములో మాత్రము బాధ్యుడని మిష్నా తీర్పు. తెలివిగలవాని చేతికిచ్చి పంపినయెడల ఆ తెలివిగలవాడే బాధ్యుడు. తల్ముదు పండితులు ఇంతటితో తృప్తిపడక, ఇచ్చినది ఎట్టి నిప్పని అడిగిరి. కణకణలాడు బొగ్గును మాత్రమే ఇచ్చినచో అది తనంతట ఆరిపోవునదియే. పుచ్చుకొన్నవాడు ఊది రాజేసినందువలననే మంట పుట్టెను. మండుచున్న జ్వాలనే ఇచ్చినచో కీడు నిశ్చయము గావున ఇచ్చినవాడు మనుష్యన్యాయస్థానములోనే పరిహారమీయవలెనని రేష్ లాకీషు హిజ్కియా పేర చెప్పెను. రబ్బీ యోహానాను దీని కొప్పుకొనలేదు: జ్వాల చాలదు, కంపయు, పుల్లలును, దీపమును కూడ చేతికందించినప్పుడు గాని ఇచ్చినవానిని దహనకర్త యనుటకు వీలులేదని అతని వాదము. కీడునకును దానికి కారకుడగు మనుష్యునికిని నడుమ దూరమెంతయని కొలుచుటకు బొగ్గు, మంట, కంప, పుల్ల, దీపము అను ఈ సామగ్రి కంటె ఉచితమైన కొలబద్ద దొరకుట కష్టము.

పాపకార్యమునకు ప్రాతినిధ్యము లేదను సూత్రమునకు అపవాదములు లేకపోలేదు. దేవాలయపు సొత్తును సొంతమునకు వాడించుట, నమ్మి దాచుకొమ్మని యిచ్చిన సొమ్మును కాజేయుట, దొంగిలించిన యెద్దునో గొఱ్ఱెనో మఱియొకని చేత కోయించుట లేక అమ్మించుట — ఈ మూడింటిలో పంపినవాడే బాధ్యుడు. దేవాలయపు సొత్తు విషయములో పంపబడినవానికి తాను ముట్టుచున్నది దైవద్రవ్యమని సాధారణముగా తెలియదు. ఈ సూక్ష్మమును పట్టుకొని, తాను చేయుచున్నది పాపమని యెఱుగని అమాయకుని చేత చేయించినప్పుడు చేయించినవాడు తప్పించుకొనజాలడని మధ్యయుగపు ఫ్రాన్సు, జర్మనీ దేశముల వ్యాఖ్యాతలు వాదించిరి. పదునారవ శతాబ్దమున పోలండులోని క్రాకోవు నగరమున ప్రసిద్ధుడైన మోషే ఇస్సర్లీసు మఱియొక అభిప్రాయమును తన గ్రంథమున చేర్చెను: అట్టి దుష్కార్యములు చేయుటలో చేయి తిరిగినవాడని పేరుపడినవానిని ఏరి పంపినచో, అతడు దైవాజ్ఞను తలచి వెనుదిరుగునని పంపినవాడు ఆశించుటకు తావులేదు గావున, పంపినవానిని బాధ్యునిగా ఎంచవచ్చునని కొందరి మతము. గురుశిష్యుల హేతువు ఎక్కడ చెల్లదో అక్కడ సూత్రమును నిలిపివేయుటయే ఈ అపవాదముల అంతస్సారము.

ఇక దైవన్యాయస్థానమను మాటకు వత్తము. మనుష్యులు శిక్షింపలేనివానిని దేవునికి వదలివేయుట మర్యాదగా చేతులెత్తివేయుటగా మనకు తోపవచ్చును. కాని ఈ శాస్త్రములో ఆ మాటకు బరువున్నది. మనుష్యుల తీర్పున విడుదలయై దైవపు తీర్పున బాధ్యులగువారు నలుగురున్నారని రబ్బీ యెహోషువా లెక్కపెట్టెను: పొరుగువాని పశువు బయటపడి పోవునట్లు దాని దొడ్డి కంచెను విరుగగొట్టినవాడు; పొరుగువాని పైరును దహనము వచ్చుచున్న దిక్కునకు వంచినవాడు; కూటసాక్షులను కూలికి కుదిర్చినవాడు; సాక్ష్యము తెలిసియుండియు పోయి చెప్పనివాడు. నలుగురిలో ఎవడును పొరుగువాని సొమ్మును చేత ముట్టలేదు. ఒకనిది పశువు పని, ఒకనిది నిప్పు పని, ఒకనిది అబద్ధికుల నాలుక పని, కడపటివానిది తన మౌనము పని. ఇట్టి బాధ్యత గలవాడు పరిహారము చెల్లించువరకు అతని సాక్ష్యము చెల్లదని మధ్యయుగపు వ్యాఖ్యాతలలో కొందరు విధించిరి. నిన్ను మేము నిర్బంధింపము గాని దేవునియెడల నీవు ఋణస్థుడవని న్యాయాధిపతులు అతనికి తెలియజెప్పవలెనని మఱికొందరు చెప్పిరి. ఊరిలో పదిమంది నడుమ బ్రతుకవలసినవానికి అది చిన్న శిక్ష గాదు.

ఆ పైని కొందరు పండితులు ఈ దైవఋణములో కొంత భాగమును మనుష్యన్యాయస్థానములోనికే లాగికొని వచ్చిరి. రబ్బీ మేయిరు పేర ప్రసిద్ధమైన మతమును బట్టి, పరోక్షముగా చేసినదైనను కీడు సూటిగాను నిశ్చయముగాను కలిగినప్పుడు పరిహారమును చెల్లింపవలసినదే. ఒకని ప్రోనోటును మఱియొకడు తగులబెట్టెననుకొందము. కాలినది వట్టి కాగితమే. అప్పు అట్లే యున్నది. కాని దానిని వసూలు చేసికొను ఉపాయము బూడిదయైనది. కాగితపు వెల యిచ్చిన చాలునా, లేక అప్పు మొత్తము ఇచ్చుకొనవలెనా? తల్ముదు సంపాదకులలో అగ్రగణ్యుడగు రవ్ ఆషి బాల్యములో ఇట్టి పత్రమును కాల్చియుండగా, రఫ్రాము అను పండితుడు అతనిని నిర్బంధించి, ప్రతిమలు చెక్కుటకు ఏరిన మేలైన దూలమువలె ఏ లోటును లేకుండ పూర్తి పరిహారమును వసూలు చేసెనట. అంతటివానిమీద వచ్చిన తీర్పును అతని గ్రంథములోనే దాచకుండ వ్రాసియుంచుట ఈ సంప్రదాయమునకు అలంకారము. పదుమూడవ శతాబ్దమున స్పెయినుదేశీయుడగు నాహ్మానిడీసు ఈ విషయముమీదనే ఒక ప్రత్యేకగ్రంథమును రచించెను.

మాటవలని కీడును గుఱించిన ఒక చిన్న సంఘటన బావా కమ్మా ప్రకరణములోనే కలదు. ఒక స్త్రీ ఒక దీనారమును తెచ్చి రబ్బీ హియ్యాకు చూపగా, ఆయన పరీక్షించి మంచిదే యనెను. మఱునాడు ఆమె తిరిగి వచ్చి, అది చెల్లని నాణెమని అందరును అనుచున్నారనియు, దానినెవ్వరును పుచ్చుకొనుట లేదనియు మొఱపెట్టుకొనెను. నాణెములను పరీక్షించుటలో ఆరితేరిన షరాబు పొరబడినచో పరిహారము లేదనియు, తెలియనివాడు తెలిసినట్లు చెప్పినచో బాధ్యుడనియు ఒక నియమము. రబ్బీ హియ్యా ఆరితేరినవాడే గావున చట్టము ఆయనను నిర్బంధింపదు. ఐనను ఆయన తన మేనల్లుడగు రవ్ ను పిలిచి, ఆమెకు మంచి నాణెమునిచ్చి, ఇది నష్టపు బేరమని లెక్కపుస్తకములో వ్రాసికొమ్మని చెప్పెను. ఆ నాణెమును పుచ్చుకొనుటకు ఇతరులు నిరాకరించిన మాట నిజమే. ఆమె నమ్మినది మాత్రము తన మాటనని ఆయన మఱువలేదు.

సొమ్ముపోయిన వ్యవహారములు ఇట్లుండగా ప్రాణహాని మాటయేమి? పండ్రెండవ శతాబ్దమున స్పెయినులోని కొర్దోబాలో జన్మించి ఈజిప్టులో స్థిరపడిన మైమోనిడీసు (1138–1204) తన ధర్మసంహితలో ఈ భాగమును తేటగా విభజించి చెప్పెను. హంతకుని కూలికి కుదిర్చినవాడు, చంపుటకు తన సేవకులను పంపినవాడు, మనుష్యుని కట్టి సింహము నెదుట పడవేసినవాడు — వీరందరును రక్తము చిందించినవారే. వారి చేతులపై నరహత్యాపాపమున్నది. ఐనను న్యాయస్థానము వారికి మరణదండనను విధింపరాదు. కాని రాజు తలచినచో రాజ్యక్షేమముకొఱకు వారిని చంపింపవచ్చును. కాలపరిస్థితిని బట్టి న్యాయాధిపతులును చంపింపవచ్చును. ఎవరును అంతకు పూనుకొననియెడల, మరణమునకు దగ్గరగా కొట్టి, పెక్కేండ్లు కఠినకారాగారమున నుంచి, తక్కినవారికి భయము కలిగింపవలెనని ఆయన నిబంధన. మరణదండనకు కఠినమైన నియమములను ఏర్పఱచికొన్న న్యాయస్థానము ఆ నియమములను సడలించుకొనదు. అయినను చేయించినవాడు ఇంటికి పోయి సుఖముగా నిద్రించుటకును వీలియ్యదు.

ఇక దావీదు వ్యాజ్యమునకు మరలివత్తము. ఒకని చంపుమని ప్రతినిధిని పంపినచో ప్రతినిధియే బాధ్యుడని పండితులు తీర్మానించిన చోటనే వృద్ధుడగు షమ్మాయి లేచి, హగ్గయి ప్రవక్తనుండి వచ్చిన పరంపరగా చెప్పి, పంపినవాడును బాధ్యుడేయని వాదించెను. అతనికి ఆధారము నాతాను దావీదుతో పలికిన మాటయే: అమ్మోనీయుల ఖడ్గముతో కూలినవానిని చంపినవాడు నీవేయని ప్రవక్త చెప్పలేదా? ప్రతిపక్షులు ఆ వాక్యమునే త్రిప్పి చదివిరి: అమ్మోనీయుల ఖడ్గమునకు నీవు శిక్షితుడవు గానట్లే ఊరియా విషయమునను మనుష్యులచేత శిక్షితుడవు గావు. యోవాబును రాజు నెదుటనే తన ప్రభువుగా పేర్కొనుటవలన ఊరియా రాజధిక్కారము చేసెనని రాజును కొంత సమర్థించినవారును లేకపోలేదు. ఇంత వాదము జరిగిన పిమ్మట తల్ముదు తేల్చిన భేదము ఆశ్చర్యకరమైనది: పంపినవానికి దైవశిక్ష యుండవలెననుటలో ఇరుపక్షములకును వివాదము లేదు, వివాదమంతయు ఆ శిక్ష పెద్దదా, చిన్నదా యనుటయే. అట్లే అహాబు రాజు ముద్రగల లేఖలతో అతని భార్యయగు యెజెబెలు కూటసాక్షులను నిలిపి, ద్రాక్షతోట సొంతదారుడగు నాబోతును రాళ్లతో కొట్టించి చంపించినప్పుడు రాజునకు ఏమియు తెలియదనియే యనుకొన్నను, ఆ ద్రాక్షతోటలో అడుగుపెట్టిన మఱుక్షణమున ఏలీయా ప్రవక్త అతనిని హంతకుడని నిందించెను. లాభమును పుచ్చుకొన్నవాడు ఎఱుగనని చెప్పి తప్పించుకొనలేదు.

కీడు జరిగిన పిమ్మట చేయు విచారణ ఇది. జరుగకముందే ఆపుటకు ఇంతకంటె విశాలమైన మఱియొక నిషేధము లేవీయకాండమున కలదు: గ్రుడ్డివాని త్రోవలో అడ్డమును వేయరాదు. వాచ్యార్థమున దీనిని అతిక్రమించువారు లోకమున అరుదు గావున రబ్బీలు గ్రుడ్డితనమును అజ్ఞానముగాను, కామక్రోధములుగాను వ్యాఖ్యానించిరి. నీ పొలమును అమ్మి గాడిదను కొనుక్కొమ్మని హితుని వలె సలహా చెప్పి, ఆ పొలమును తాను కాజేయువాడు అడ్డము వేసినవాడే. ఎదిగిన కుమారుని కొట్టు తండ్రి, వాడు తిరిగి కొట్టునట్లు రెచ్చగొట్టుచున్నాడు గావున, దోషియే. సాక్షులు లేకుండ అప్పిచ్చువాడు, తీసికొన్నవానికి లేదని బొంకుటకు అవకాశమిచ్చుచున్నాడు గావున, దోషియే. ద్రాక్షారసమును ముట్టనని వ్రతము పట్టిన నాజీరునకు పాత్ర నందించినవాడును దోషియే. ఐతే ఇక్కడను కొలత యున్నది: నాజీరు ఏటి కావలి యొడ్డున నుండి, రసపాత్ర ఈవలి యొడ్డున నున్నప్పుడు, అందించువాడు లేనిచో ఆ పాపము జరుగదు గావున నిషేధము తోరాలోనిదే. ఇద్దరును ఒకే యొడ్డున నుండి, నాజీరు తానే అందుకొనగలిగినప్పుడు ఆ మూలనిషేధము వర్తింపదు; ఐనను పాపికి చేయూత నియ్యరాదని రబ్బీలు వేఱుగా నిషేధించిరి. నేను అమ్మకున్న మఱియొకడు అమ్మును గదాయని నేటికిని అంగళ్లలో వినబడు సమర్థనమునకు ఏనాడో యిచ్చిన సమాధానమిది: మఱియొకడున్నాడనుట దోషమును తగ్గింపవచ్చును గాని తుడిచివేయదు. ప్రజలకు హాని కలిగించు మృగములను, ఆయుధములను హింసాపరులకు అమ్మరాదను నియమములును ఈ భావముతో కూడినవే.

చేసిన పనివలనను, పలికిన మాటవలనను కలుగు కీడు ఒకయెత్తు, చేయనిదానివలన కలుగునది మఱియొకయెత్తు. రబ్బీ ఎలియాజరు బెన్ అజర్యా గారి ఆవు, విశ్రాంతిదినమున కొమ్ముల నడుమ పట్టెడతో బయటికి పోయెడిదని మిష్నా వ్రాయగా, ఆ ఆవు ఆయనది గాదనియు, పొరుగామెదనియు, ఆయన వారింపలేదు గావున శాస్త్రము దానికి ఆయన పేరే పెట్టెననియు తల్ముదు చెప్పినది. తన యింటివారిని, తన యూరివారిని వారింపగలిగియు వారింపనివాడు వారి దోషములలో చిక్కుకొనునని అక్కడి తీర్మానము. నోబు యాజకుల వధను గుఱించి రబ్బీలు వెనుకకు నడచిన తీరు ఇంకను నిశితమైనది. ప్రాణభీతితో పాఱిపోవుచున్న దావీదునకు ఆప్తమిత్రుడగు యోనాతాను కౌగిలించుకొని కన్నీటితో వీడ్కోలు చెప్పెను గాని, దారిబత్తెము కట్టియియ్యలేదు. ఆకలిగొన్న దావీదు నోబునకు పోయి యాజకుని యడిగెను, యాజకుడు రొట్టెలిచ్చెను, అది చూచిన దోయేగు సౌలునకు చెప్పెను, సౌలు యాజకులను చంపించెను. ఆనాడు యోనాతాను రెండు రొట్టెలు ఇచ్చియుండినయెడల నోబు నశించియుండదనియు, దోయేగు భ్రష్టుడై యుండడనియు, సౌలును అతని కుమారులును కూలియుండరనియు తల్ముదు వాక్కు. వారు యోనాతానును హంతకుడనలేదు. దోయేగు దోషము దోయేగుదే, సౌలు దోషము సౌలుదే. ఆ రెండింటిలో పిడికెడైనను తగ్గకుండ, ఒక స్నేహితుని మఱపునకు గూడ దాని పాళము దానికి లెక్కకట్టిరి.

ఈ భావము ఒక కర్మకాండగా రూపొందిన తావు ద్వితీయోపదేశకాండము ఇరువదియొకటవ అధ్యాయము. పొలములో హతుడైన మనుష్యుని శవము దొరకినది, చంపినవాడెవడో తెలియదు. న్యాయాధిపతులు వచ్చి శవమునుండి చుట్టుపట్ల పట్టణములకుగల దూరమును కొలువవలెను. ఏది సమీపమో ఆ పట్టణపు పెద్దలు ఎన్నడును కాడి మోయని పెయ్యను లోయలోనికి తోలుకొనిపోయి, అక్కడ దాని మెడ విరుగదీసి, దానిమీద చేతులు కడుగుకొని, ఈ రక్తమును చిందించినది తమ చేతులు గావని ప్రకటింపవలెను. గౌరవనీయులగు పెద్దలను హంతకులని ఎవరైన అనుమానించిరా యని మిష్నా ప్రశ్నించి, సమాధానము కూడ తానే చెప్పినది: ఆ బాటసారి తమ యూరికి రాగా అన్నము పెట్టకుండ పంపలేదనియు, తోడులేకుండ పోనీయలేదనియు వారు ప్రమాణము చేయుచున్నారట. అన్నము పెట్టకుండుట హత్య గాదు. ఐనను చేతులు కడుగుకొనవలసిన పెద్దలకు ఆ ప్రశ్న తప్పదు.

పురాతనమైన ఈ అధ్యాయము మొన్నటి చరిత్రలో ఒక రాజ్యముపై సాక్ష్యముగా నిలిచినది. 1982 సెప్టెంబరు 16 సాయంకాలమునుండి 18 ఉదయమువరకు, లెబనాను రాజధానియగు బేరూతులోని సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థి శిబిరములలో ఫలాంజిస్టులనబడు లెబనాను క్రైస్తవ సాయుధదళము వారు స్త్రీలను, పిల్లలను, వృద్ధులను ఊచకోత కోసిరి. ఆ ప్రాంతము అప్పుడు ఇజ్రాయేలు సైన్యపు ఆధీనములో నున్నది. ఆ దళమును శిబిరములలోనికి పోనిచ్చినది ఆ సైన్యమే. రాత్రివేళ ఆకాశమున వెలుగు గోళములను పేల్చినదియు ఆ సైన్యమే. ఇజ్రాయేలులో ప్రజాగ్రహము పెల్లుబికి, సుప్రీంకోర్టు ప్రధానన్యాయమూర్తి యిత్జాక్ కాహాను అధ్యక్షతన విచారణసంఘ మేర్పడెను. న్యాయమూర్తి అహరోన్ బరాకు, విశ్రాంత సేనాని యోనా ఎఫ్రాతు తక్కిన సభ్యులు. 1983 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక, ప్రత్యక్షబాధ్యత ఫలాంజిస్టులదనియు, పరోక్షబాధ్యత ఇజ్రాయేలుదనియు తీర్మానించి, ఆ పరోక్షబాధ్యతకు నైతికాధారముగా మెడ విరిచిన పెయ్య ప్రకరణమునే పేర్కొనెను. పరదేశములలో తమ పూర్వులపై అల్లరిమూకలు పడినప్పుడు ఆ మూకలతోబాటు, వారింపక చూచుచుండిన పాలకులను గూడ యూదులు నిందించియుండిరని అది గుర్తుచేసెను. రక్షణమంత్రి ఏరియల్ షారోను ఆ పదవిని వీడవలసివచ్చెను. ఐనను శాఖలేని మంత్రిగా మంత్రివర్గములోనే కొనసాగెను. పరోక్షమను విశేషణము దోషమును పలుచన చేసినదని విమర్శించినవారు నాడును కలరు, నేడును కలరు.

ఆ విమర్శను తేలికగా త్రోసివేయరాదు. ఈ శాస్త్రమును అర్ధముగా చదివినవానికి పాపమునకు ప్రాతినిధ్యము లేదను మాట ఒక దాగుడుచోటు కాగలదు. దైవన్యాయస్థానమను మాట వాయిదా కాగలదు. పూర్తిగా చదివినవానికి మాత్రము దాగుటకు చోటు మిగులదు. ఆజ్ఞ విన్నవాడు ఆజ్ఞ వెనుక దాగలేడు, ఆజ్ఞ యిచ్చినవాడు విన్నవాని వెనుక దాగలేడు, పాత్ర నందించినవాడు ఏటి వెడల్పు వెనుక దాగలేడు, మిన్నకున్నవాడు తన మౌనము వెనుక దాగలేడు. ఒకని శిక్ష మఱియొకనికి రాయితీ గాదు. పాపమును తలా పిడికెడు పంచి తేలిక చేసికొను అలవాటు ఏ జాతికైనను సహజమే. సంస్థలు పెద్దవై, సంతకములు పలువురివై, పని జరుగుచోటికిని తలపెట్టినచోటికిని దూరము పెరిగిన ఈ కాలమున ఆ అలవాటు మఱింత ప్రమాదకరము. కీడు జరిగినచోట బాధ్యులెందరని లెక్కించి భాగించుట గాక, ప్రతివాని వంతును నిండువంతుగా ఎంచుటయే న్యాయము.